సముద్రానికి అడ్డుకట్ట వేసిన తల్లి

మొదటి రోజు: ఇస్తాంబుల్

నేను పుట్టింది హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో. ఆ పేరు టర్కీని ఏలిన ఒట్టోమన్ వంశపు రాకుమారిదని ఇంటర్ చదివే రోజుల దాకా నాకు తెలీదు. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో ఏడో నిజాం కొడుకులిద్దరికీ పెళ్లిళ్లు జరిగాయి. పెద్దకొడుకు ఆజంజాకు చివరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్, చిన్నకొడుకు మొఅజ్జంజాకు అదే వంశపు నీలోఫర్. 1924లో ఒట్టోమన్ కుటుంబం మొత్తాన్ని టర్కీ నుంచి పంపించేశారు. ఆ ఆడపిల్లలిద్దరూ పుట్టినిల్లు పోగొట్టుకుని మన ఊరికి కోడళ్లుగా వచ్చారు. ఒకావిడ పేరు మీద నీలోఫర్ ఆస్పత్రి ఉంది, ఇంకొకావిడ పేరు మీద పురానీ హవేలీ దగ్గర ఆస్పత్రి ఉంది.

ఆ పేర్ల వెంట చదువుకుంటూ పోతే ఆ వంశానికే చెందిన, వాళ్లకన్నా దాదాపు మూడు వందల ఏళ్ల ముందటి ఒక కోడలు కనిపించింది. తుర్హాన్ సుల్తాన్. ఇప్పటి ఉక్రెయిన్ వైపు నుంచి చిన్నప్పుడే ఎత్తుకొచ్చి, బానిసగా అంతఃపురంలో చేర్చిన పిల్ల. ఆవిడ సముద్రం ఒడ్డున కట్టించిన కోటను చూడాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. "నన్నూ తీసుకెళ్లవే" అని అమ్మ అడిగింది. అమ్మకు అరవై నాలుగు, మోకాళ్ల నొప్పులు. అయినా తీసుకొచ్చాను.

దిగిన సాయంత్రమే ఎమినొను వెళ్లాం. పడవల రేవుకు ఎదురుగా యెని జామి, అంటే కొత్త మసీదు. పేరుకు కొత్తదే గానీ పునాది వేసింది 1597లో. వేయించిన రాజమాత సఫియే అధికారం పోగానే పని ఆగిపోయింది. దాదాపు అరవై ఏళ్లు మొండిగోడలతో పడున్నదాన్ని తుర్హాన్ చేతిలోకి తీసుకుని 1665కి పూర్తి చేసింది. మసీదు ఖర్చులకు ఆదాయం రావాలని పక్కనే బజారు కట్టించింది. ఈరోజు టూరిస్టులందరూ మసాలా దినుసులు కొనుక్కునే ఈజిప్షియన్ బజారు అదే. ఆవిడ సమాధి కూడా ఆ ఆవరణలోనే ఉంది. మేము వెళ్లేసరికి తలుపులు మూసేశారు. అమ్మ కాసేపు గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. "పోన్లే, కోట చూసొచ్చాక ఇంకోసారి వద్దాం" అంది.

రెండో రోజు: ఛనక్కలే

పొద్దున్నే బస్సెక్కాం. దాదాపు ఐదు గంటల ప్రయాణం. దారిలో 1915 ఛనక్కలే వంతెన దాటాం. 2022 మార్చి 18న ప్రారంభించిన ఈ వేలాడే వంతెనలో రెండు స్తంభాల మధ్య దూరం 2,023 మీటర్లు. దానికింద పారేదే డార్డనెల్స్ జలసంధి. సుమారు 60 కిలోమీటర్ల పొడవున్న నీళ్ల సందు. ఒక చివర ఏజియన్ సముద్రం, ఇంకో చివర మర్మరా. మర్మరా దాటితే ఇస్తాంబుల్. అంటే దక్షిణం వైపు నుంచి ఇస్తాంబుల్‌కు ఏ ఓడ రావాలన్నా ఈ సందులోంచే రావాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే ఇక్కడి కోటల కథంతా సులువుగా అర్థమవుతుంది.

ఛనక్కలే అన్న ఊరి పేరు నాకు భలే నచ్చింది. 'చనక్' అంటే మట్టి గిన్నె, 'కలే' అంటే కోట. కుమ్మరి పనికి పేరుపడ్డ ఊరు కాబట్టి గిన్నెల కోట అయింది. కలే అంటే మన ఖిల్లానే. గోల్కొండ ఖిల్లా అని రోజూ అనే అమ్మకు ఈ మాట చెప్పగానే ఊరు సగం సొంతమైపోయింది.

గిన్నెల సంగతి తర్వాతి మాట. అసలు కోట పేరు కలె-ఇ సుల్తానియె. ఇప్పుడు చిమెన్లిక్ అంటున్నారు, నౌకాదళం మ్యూజియంగా ఉంది. కాన్‌స్టాంటినోపుల్‌ను, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌ను గెలిచిన సుల్తాన్ రెండో మెహ్మెద్ 1460ల మొదట్లో దీన్ని ఈ గట్టున, కిలిత్‌బహిర్ కోటను ఆ గట్టున ఎదురెదురుగా కట్టించాడు. జలసంధి మొత్తంలో సన్నటి చోటు ఇదే. గట్టుకీ గట్టుకీ మధ్య పన్నెండు వందల మీటర్లు, అంతే.

ఆవరణలో రాతి గుండ్లు పేర్చి ఉన్నాయి. ఒకదాని పక్కన కూర్చుని చేత్తో తడిమి చూశాను. దూరం నుంచి నున్నగా కనిపించింది గానీ ఒళ్లంతా ఉలి దెబ్బలే. చిన్న చిన్న గుంటలు, వేలికొన దూరేంత. ఒకవైపు దెబ్బలు దగ్గర దగ్గరగా, ఇంకోవైపు ఎడంగా ఉన్నాయి. కొట్టినవాడు మధ్యలో అలసిపోయాడేమో, లేకపోతే ఆ వైపు ఇంకో మనిషి అందుకున్నాడేమో. ఒక్క గుండును ఇంత గుండ్రంగా చెక్కడానికి ఎన్ని రోజులు పట్టిందో, అది పేలితే ఒక్క క్షణం.

ఈ గుండ్లు ఊరికే భయపెట్టడానికి పెట్టినవి కావు. 1464లో మునీర్ అలీ అనే పనివాడు పోతపోసిన కంచు ఫిరంగి ఒకటి ఇప్పుడు ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ దగ్గర ఫోర్ట్ నెల్సన్‌లో ఉంది. బరువు దాదాపు 17 టన్నులు. రెండు ముక్కలుగా చేసి మర బిగించినట్టు కలిపేవారు. 1866లో సుల్తాన్ అబ్దుల్ అజీజ్ దాన్ని విక్టోరియా రాణికి కానుకగా ఇచ్చాడు. అలాంటి ఫిరంగులే మూడు శతాబ్దాల తర్వాత కూడా, 1807లో బ్రిటిష్ అడ్మిరల్ డక్‌వర్త్ ఓడల మీద పేలాయి. 'విండ్సర్ కాజిల్' అనే ఓడ మీద పడ్డ రాతి గుండు 800 పౌండ్లు, అంటే సుమారు 360 కిలోలు. దాని పెద్ద తెరచాప స్తంభాన్ని దాదాపు రెండు ముక్కలు చేసింది. ఉలితో చెక్కిన రాయి అంత పని చేసింది.

కోట గోడలో ఒకచోట పెద్ద బెజ్జం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బ్రిటిష్ యుద్ధనౌక 'క్వీన్ ఎలిజబెత్' పేల్చిన గుండు తగిలిన చోటు. దాన్ని పూడ్చకుండా అలాగే ఉంచారు. మంచి పని చేశారనిపించింది.

మూడో రోజు: కిలిత్‌బహిర్

చిన్న ఫెర్రీలో అవతలి గట్టుకు వెళ్లాం. నీళ్ల వేగం అప్పుడు తెలిసింది. పడవ ముక్కు ఒకవైపు, మేము పోయేది ఇంకోవైపు. పైనీరు మామూలుగా మర్మరా నుంచి ఏజియన్ వైపు పారుతుంది. అడుగున మాత్రం ఉప్పు ఎక్కువున్న బరువు నీరు ఎదురు దిశలో పోతుంది. తెరచాపల కాలంలో ఇస్తాంబుల్ వైపు వెళ్లే ఓడకు ప్రవాహం ఎదురు, ఉత్తరపు గాలి కూడా ఎదురే. గాలి మళ్లే దాకా రోజులకు రోజులు లంగరు వేసుకుని ఉండాల్సిందే. మెల్లగా పాకుతూ వచ్చే ఓడ కోటకు సులువైన గురి. చక్రాల మీద తిప్పగలిగే ఫిరంగులు కావివి. గోడ కింద, నీటి మట్టానికి కాస్త పైన, ఒకే దిక్కుకు గురిపెట్టి ఉంచేవారు. ఓడ ఎదురుగా వచ్చిన క్షణంలో ఒక దెబ్బ. మళ్లీ మందు కూరి గుండు ఎత్తేసరికి ఓడ దాటిపోవచ్చు. అందుకే ఒక గట్టు చాలలేదు, రెండు గట్లూ కావలసి వచ్చాయి.

కిలిత్‌బహిర్ అంటే సముద్రపు తాళం. పైనుంచి చూస్తే మూడు రేకుల ఆకులా ఉంటుంది. మధ్యలో మూడు మూలల బురుజు, ఏడంతస్తులు. నేను పైకెక్కాను, అమ్మ కింద నీడలో కూర్చుంది. దిగి వచ్చేసరికి ఒక ముసలావిడతో కబుర్లలో పడింది. ఆవిడకు టర్కిష్ తప్ప రాదు, అమ్మకు తెలుగు, కొంచెం ఉర్దూ. అయినా ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించే మాట్లాడుకుంటున్నారని నాకు చూడగానే తెలిసిపోయింది.

మధ్యాహ్నం సెద్దుల్‌బహిర్ వెళ్లాలని ప్లాన్. మేం ముందే డబ్బు కట్టిన వ్యాను రాలేదు. ఫోన్ చేస్తే ఇదిగో అదిగో అన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. రెండు గంటలు రోడ్డు మీద నిలబడ్డాం. కోట కోసమే ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామేమోనని నాకు ఒకటే టెన్షన్. అమ్మ మాత్రం సంచిలోంచి జంతికలు తీసింది. ఆ రోజుకి అంతే.

నాలుగో రోజు: సెద్దుల్‌బహిర్

హోటల్ వాళ్లు మాట్లాడిపెట్టిన టాక్సీలో పొద్దున్నే బయల్దేరాం. గలిపోలి ద్వీపకల్పం చివరికంటా వెళ్తే చిన్న పల్లె, ఆ పల్లెను ఆనుకునే కోట. సెద్దుల్‌బహిర్ అంటే సముద్రానికి అడ్డుకట్ట. 'సద్' అంటే అడ్డుగోడ, 'బహర్' అంటే సముద్రం. టాక్సీ దిగగానే గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. అమ్మ కొంగు తల చుట్టూ కట్టేసుకుంది.

ఈ కోట ఎందుకు పుట్టిందో చెప్పాలంటే ఒక ఆరేళ్ల పిల్లాడి దగ్గర మొదలుపెట్టాలి. 1648లో సుల్తాన్ ఇబ్రహీంను దించి చంపేశారు. అతని కొడుకు నాలుగో మెహ్మెద్ గద్దె ఎక్కేనాటికి ఏడేళ్లయినా నిండలేదు. ఆ పిల్లాడి తల్లే తుర్హాన్. అప్పటికి ఆవిడకు ఇరవై ఒకటో, ఇరవై రెండో. పెత్తనం మాత్రం అత్తగారు కోసెం సుల్తాన్‌ది. 1651లో కోసెం అంతఃపురంలోనే హత్యకు గురైంది. అప్పటినుంచి కొడుకు తరఫున రాజ్యం తుర్హాన్ చేతికొచ్చింది.

చేతికొచ్చిన రాజ్యం మునిగిపోతున్న పడవలా ఉంది. 1645లో క్రీట్ ద్వీపం కోసం, అప్పట్లో సొంత రాజ్యంగా ఉన్న వెనిస్‌తో మొదలైన యుద్ధం ముగిసే జాడ లేదు. వెనిస్ వాళ్లు తెలివైన పని చేశారు. క్రీట్‌లోనే కొట్టుకుంటూ కూర్చోకుండా వచ్చి ఈ జలసంధి నోటి దగ్గర ఓడలు నిలిపారు. టర్కీ ఓడలు బయటికి రాకుండా, సరుకు లోపలికి పోకుండా ఆపేశారు. 1656 జూన్‌లో ఇక్కడే ఒట్టోమన్ నౌకాదళం చిత్తుగా ఓడింది. ఎదురుగా ఉన్న బోజ్‌జాదా, దూరాన ఉన్న లెమ్నోస్ ద్వీపాలు వెనిస్ చేతిలోకి పోయాయి. ఇస్తాంబుల్‌లో జనం భయంతో వణికిపోయారు.

మరి నిన్న చూసిన రెండు కోటలూ ఏం చేస్తున్నాయి? అవి ఇక్కడికి ఇరవై కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నాయి. వాటి ఫిరంగులు ఇంత దూరం రావు. ఇంటి లోపలి గది తలుపుకు ఎంత పెద్ద తాళం వేస్తే ఏం లాభం, వీధి గుమ్మం బార్లా తెరిచి ఉంటే!

ఆ సెప్టెంబర్‌లో తుర్హాన్ ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. డెబ్బై దాటిన కొప్రులు మెహ్మెద్ పాషాను ప్రధాన వజీరుగా పిలిచింది. తన పనిలో ఎవరూ వేలు పెట్టకూడదని ఆయన షరతులు పెడితే ఒప్పుకుంది. తన అధికారాన్ని తానే తగ్గించుకోవడం అది. ఏడాది తిరిగేసరికి, 1657 జూలైలో, వెనిస్ సేనాని లాజారో మొచెనిగో తన ఓడ పేలిపోయి ఇక్కడే చనిపోయాడు. ద్వీపాలు రెండూ తిరిగొచ్చాయి. వెంటనే 1658లో రాజమాత పేరు మీద, ఆవిడ సొమ్ముతో, జలసంధి నోటి దగ్గర రెండు కొత్త కోటల పని మొదలైంది. యూరప్ గట్టున ఈ సెద్దుల్‌బహిర్, ఆసియా గట్టున కుంకలే. కుంకలే అంటే ఇసుక కోట. 1659లో తల్లీకొడుకులిద్దరూ వచ్చి పనులు చూసి వెళ్లారు.

పన్నెండు వందల మీటర్లకు గురిపెట్టడం వేరు, ఇక్కడ వేరు. నోటి వెడల్పు దాదాపు నాలుగు కిలోమీటర్లు. ఆ కాలపు ఫిరంగులు మధ్యలో పోయే ప్రతి ఓడనూ కచ్చితంగా కొట్టలేవు. కానీ శత్రువు నోటి దగ్గర హాయిగా లంగరు వేసుకుని కూర్చోకుండా, మంచినీళ్ల కోసం గట్టుకు రాకుండా ఆపగలవు. వెనిస్ వాళ్లు పదేళ్లుగా చేస్తున్నది సరిగ్గా అదే.

సముద్రం వైపు గోడ దగ్గర చాలాసేపు ఉన్నాను. వరసగా ఫిరంగి గూళ్లు, పైన వంపు తిరిగిన రాతి కప్పు. ఒక గూట్లోకి వంగి వెళ్లాను. లోపల నేల తడిగా, చల్లగా ఉంది. గూడు లోపలి వైపు వెడల్పు, సముద్రం వైపు ఇరుకు. ఆ ఇరుకులోంచి చూస్తే ఆకాశం అస్సలు కనబడదు, నీళ్లే. ఒక సరుకు ఓడ ఎడమ అంచున మొదలై మెల్లగా నిండుకుని కుడి అంచున పోయింది. మనసులో లెక్కపెట్టాను, ఇరవై రెండు. ఇక్కడ నిలబడ్డ ఫిరంగివాడికి లోకమంతా ఆ ఇరవై రెండు అంకెలే. వంపు రాళ్ల మధ్య సున్నంలో చిన్న నత్తగుల్ల ఒకటి ఇరుక్కుని ఉంది. ఇసుక ఈ ఒడ్డునే తవ్వి కలిపి ఉంటారు.

బయటికి వచ్చాక అమ్మ అడిగింది, "ఇంత ఖాళీగా ఉందేమే, లోపల ఏముండేది?"

ఊరుండేది. నాకు ఈ కోటలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. తుర్హాన్ గోడలు, బురుజులు కట్టించి ఊరుకోలేదు. రెండు కోటల్లోనూ మసీదు, పిల్లలకు బడి, హమాం అనే స్నానశాల, సిపాయిల కుటుంబాలకు ఇళ్లు, అంగళ్లు పెట్టించింది. మసీదు, బడి నడిచేందుకు వక్ఫు రాసింది. సరిహద్దులో కాపలా కాసే మగాడు పెళ్లాం పిల్లలతో ఉంటేనే అక్కడ నిలబడతాడని ఆవిడకు తెలుసు. సుల్తానులు కట్టిన కోటలు యుద్ధం కోసం కట్టినట్టుంటాయి, ఇది కాపురం పెట్టినట్టుంది. ఇది నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే వాదిస్తాను.

అమ్మకు ఇంకో కథ చెప్పాను. మెహ్మెద్ పసివాడిగా ఉన్నప్పుడు తండ్రి ఇబ్రహీం కోపం పట్టలేక, తుర్హాన్ చేతుల్లోంచి బిడ్డను లాక్కుని నీళ్ల తొట్టిలోకి విసిరాడని చెబుతారు. నౌకర్లు తీసి బతికించారు. నుదుటి మీద మచ్చ మాత్రం జీవితాంతం ఉండిపోయింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నీళ్ల వైపు చూస్తూ, "అందుకే కట్టింది" అంది.

1770లో రష్యా ఓడలు చెష్మే దగ్గర టర్కీ నౌకాదళాన్ని తగలబెట్టి ఇటు వచ్చినప్పుడు, బారన్ ద తోత్ అనే దొర పర్యవేక్షణలో జలసంధి కోటలన్నిటినీ హడావుడిగా బాగుచేశారు. ఇక 1914 నవంబర్ 3, మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. టర్కీ మీద బ్రిటన్ ఇంకా అధికారికంగా యుద్ధం ప్రకటించలేదు, ప్రకటించింది 5న. రెండు రోజుల ముందే బ్రిటిష్, ఫ్రెంచి ఓడలు ఈ నోటి దగ్గరి కోటల మీద గుళ్లు కురిపించాయి. ఒక గుండు ఇక్కడి మందుగుండు కొట్టు మీద పడింది. ఐదుగురు అధికారులు, 81 మంది సిపాయిలు ఆ ఒక్క పేలుడులో పోయారు. వాళ్ల స్మారకం ఇక్కడే ఉంది, తొలి అమరులని పిలుస్తారు.

1915 ఏప్రిల్ 25న బ్రిటిష్ వాళ్లు సైన్యాన్ని దించడానికి కోట పక్కనున్న ఈ చిన్న ఒడ్డులోనే 'రివర్ క్లైడ్' అనే బొగ్గు ఓడను కావాలని నేలకు ఎక్కించారు. లోపల దాదాపు రెండు వేల మంది. ఓడ పక్కల్లో కోసిన ద్వారాల్లోంచి దిగిన ఐరిష్ కుర్రాళ్లు దిగినట్టే కూలిపోయారు. నీళ్లు ఎర్రబడ్డాయని చూసినవాళ్లు రాశారు. ఎదురుగా గట్టున కాసిన టర్కీ సిపాయిలు కొద్దిమందే. మరునాడు కోట చేతులు మారింది. 1916 జనవరిలో బ్రిటిష్ వాళ్లు రాత్రికి రాత్రి ఖాళీ చేసి వెళ్లిపోయేనాటికి తుర్హాన్ కట్టించిన బురుజులు పళ్లూడిన నోరులా మిగిలాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు సైన్యం చేతిలో ఉండిపోయింది. ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి 2023లో మ్యూజియంగా తెరిచారు. కొత్తగా కట్టిన చోట రాయి రంగు తేడాగా కనిపిస్తుంది. విరిగిన బురుజు విరిగినట్టే ఉంది.

ఒడ్డున ఇప్పుడు సమాధుల తోట ఉంది. దానికి అవతల కొండకొసన హెల్లెస్ స్తంభం, బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్ల ఇరవై వేలకు పైగా పేర్లతో. అందులో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడిన 14వ సిక్కు దళం పేర్లు వెతికాం. 1915 జూన్ 4న ఇక్కడికి దగ్గర్లోని క్రితియా అనే పల్లె దగ్గర ఒక్క పగటిలో ఆ దళంలో ఎక్కువ భాగం తుడిచిపెట్టుకుపోయింది. సింగ్, సింగ్, సింగ్ అని రాతి మీద వేలు పెట్టి అమ్మ చదువుతూ పోయింది. ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరి కోట కోసం ఎవరి తరఫున చచ్చిపోయారో. వాళ్ల అమ్మలకు ఈ చోటు పేరు పలకడం కూడా వచ్చి ఉండదు.

తిరుగు దారిలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఐదో రోజు: మళ్లీ ఇస్తాంబుల్

రాత్రికి విమానం. బస్సు దిగి సామాను హోటల్లో పడేసి, నేరుగా ఎమినొను పరిగెత్తాం. ఈసారి తలుపులు తెరిచి ఉన్నాయి.

చెప్పులు విప్పి లోపలికి వెళ్లాం. గోడల నిండా నీలం పలకలు. తుర్హాన్ 1683లో పోయింది. ఆ ఏడాదే కొడుకు సైన్యం వియన్నా దగ్గర ఓడింది. నాలుగేళ్లకు అతన్ని గద్దె దించారు. 1693లో ఎదిర్నెలో చనిపోతే ఇక్కడికి తెచ్చి తల్లి దగ్గరే పెట్టారు. తర్వాతి సుల్తానులు ఇంకో నలుగురు కూడా ఇదే కప్పు కింద ఉన్నారు.

ఆకుపచ్చ గుడ్డ కప్పిన పేటికల మధ్య తల్లిది ఏదో, కొడుకుది ఏదో నేను బోర్డు చదివి చూపించాను. అమ్మ రెండింటి మధ్య దూరాన్ని చూసింది. కొంగు సర్దుకుని దండం పెట్టింది.

"నీ కోట చూసొచ్చాం తల్లీ. గాలి బాగా కొడుతోంది అక్కడ. గోడలు ఉన్నాయి."

పక్కన నిలబడ్డ టర్కిష్ అమ్మాయి అమ్మ మాట ఏమీ అర్థం కాకపోయినా చేతులు ఎత్తి ఆమీన్ అంది. బయట పావురాలకు వేయడానికి గింజలు అమ్ముతున్నారు. అమ్మ ఒక గిన్నెడు కొని మెట్ల మీద చల్లింది.